అమ్మ గుర్తుపట్టని నాన్న ఫోటో (నల్లటి అక్షరాలు – 7)



మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. యూనివర్సిటీలో చదువుతున్నాడు, మన మీటింగులకు వస్తుంటాడు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు. "అన్నా, ఆదివారాలు నువ్వు మీటింగులకు రావడం మానేసి పెళ్ళి ఫోటోగ్రాఫర్ దగ్గర లైట్ పట్టుకుంటున్నావట. ఉద్యమం వదిలేసినట్టేనా?" అన్నాడు.

లైట్ పట్టుకుంటున్న మాట నిజమే తమ్ముడూ. ఏడాదిన్నరగా పట్టుకుంటున్నాను. ఉద్యమం వదిలేశానో లేదో ఈ వ్యాసం చదివాక నువ్వే చెప్పు.

ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న కాంట్రాక్టు కూలీ. ముప్పై ఏళ్ళు ఈ ఊరి ఫ్యాక్టరీల లోపల పనిచేశాడు, ఏ ఫ్యాక్టరీ జీతాల పట్టీలోనూ ఆయన పేరు లేదు. మూడేళ్ళ కిందట పోయాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్స్ వేయిద్దామని ఇల్లంతా వెతికితే ఆయన ఒక్కడూ ఉన్న ఫోటో ఒకటే దొరికింది. అది గేట్ పాస్ మీది. తెల్లగోడ ముందు నిలబెట్టి తీసిన స్టాంప్ సైజు బొమ్మ. గోడ తెల్లగా వెలుగుతోంది, చొక్కా కాలర్ తెలుస్తోంది, ముఖం ఉండాల్సిన చోట మాత్రం నల్లటి మరక. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

దాన్నే పట్టుకెళ్ళి మా దగ్గర్లోని ఒక స్టూడియోలో ఇచ్చాను. సాయంత్రానికి ఫ్లెక్స్ వచ్చింది. వీధి మలుపులో కట్టాం. అమ్మ వచ్చి దాని ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఈడెవుడ్రా?" అంది.

ఫ్లెక్స్ మీద గులాబీరంగు బుగ్గలతో, నున్నటి నుదురుతో, ఎవరో తెల్లటి పెద్దమనిషి ఉన్నాడు. ఆ పెద్దమనిషికి మా నాన్న మీసం ఉంది. చొక్కా కూడా మా నాన్నదే. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ మాత్రం లేదు. ఆ మచ్చ ఎలా పడిందో, ఎన్నిరోజులు కూలి పోయిందో అమ్మకు తెలుసు. ఆ మచ్చ లేని మనిషి ఆమెకు తెలియదు.

నేను కోపంగా స్టూడియోకి వెళ్ళాను. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. డబ్బులు కూడా తగ్గించే తీసుకున్నాడు. "నల్లగా ఉంటే ఏం బాగుంటాది బ్రో? పోయిన మనిషిని అందంగా పంపాలి కదా" అన్నాడు. మా నాన్నకు మేలు చేశాననే అనుకున్నాడు. ఆ మాట విన్నాక నా కోపం అతని మీద నిలవలేదు. ఇంకా పెద్దదాని మీదికి పోయింది.

ఒక యంత్రం మా నాన్న ముఖాన్ని చీకటి చేసింది. ఇంకో యంత్రం ఆ చీకటిని తుడిచేస్తూ ముఖాన్నే తుడిచేసింది. ఈ రెండు యంత్రాలూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనిపించింది. అలా ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ దగ్గర చేరాను.

*

నా బడి యారాడ బీచ్.

విశాఖ బయటి మిత్రుల కోసం చెబుతున్నాను. సింధియా దాటి, డాల్ఫిన్ నోస్ కొండ మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే యారాడ. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. కొండకు ఇవతల పోర్టు, నేవీ, రిఫైనరీ, గొట్టాలు, పొగ. అవతల కొబ్బరిచెట్లు, ఇసుక. అందుకే ప్రీవెడ్డింగ్ షూట్‌కి జంటలన్నీ అక్కడికి దిగుతాయి. తెల్లారకుండానే కార్లు వస్తాయి. కార్ల వెనక బైకు మీద, ఒళ్ళో లైట్ స్టాండ్లు పెట్టుకుని మేం.

సూర్యుడు అక్కడ సముద్రంలోంచి పుడతాడు. జంటను సముద్రం వైపు తిప్పితే ఎండ కళ్ళలో పడి ముఖాలు చిట్లిస్తారు. సముద్రానికి వీపు పెట్టి నిలబెడితే వెనక ఆకాశం వెలిగిపోయి ముఖాలు నల్లబడతాయి. ఆ నల్లబడిన ముఖాల మీదికి వెలుగును తిప్పి కొట్టడమే నా పని. చేతిలో గుండ్రటి రిఫ్లెక్టర్ ఉంటుంది, ఒకవైపు వెండిరంగు, ఇంకోవైపు బంగారురంగు. సాయంత్రం షూట్ అయితే ఇంకో కథ. పొద్దు కొండల వెనక్కి పోతుంది కాబట్టి బీచ్ మీద నీడ తొందరగా పడుతుంది. నగరంలో ఇంకా ఎండ ఉండగానే యారాడలో మేం ఫ్లాష్ బయటికి తీయాలి.

మొదటి నెల నాకు అర్థమైంది ఇంతే. ఫోటో అంటే బొమ్మ కాదు, వెలుగు ఎవరి మీద పడాలో ఎవరో ఒకరు చేసే నిర్ణయం.

రెండో నెల ఇంకొకటి అర్థమైంది. ఒక పెళ్ళికి వెళ్ళాం. మండపంలో లైట్ పట్టుకున్నాను, పందిట్లో పట్టుకున్నాను. పెళ్ళికూతురు ఇంట్లో పూజగదిలో ఫోటోలు తీసే వేళ ఆ ఇంటి పెద్దాయన నన్ను చూసి "బాబూ, మీ ఇంటిపేరేటి?" అన్నాడు. చెప్పాను. "లైటు గుమ్మం బయట్నుంచే కొట్టొచ్చు కదా" అన్నాడు. మా ఓనరు నా వైపు చూసి, ఏమీ అనలేక లోపలికి పోయాడు. నేను గుమ్మం బయట నిలబడి లోపలికి లైటు కొట్టాను. ఆ ఆల్బమ్‌లో పూజగది ఫోటోలు చాలా బాగొచ్చాయి. వెలుగంతా నాదే. నేను మాత్రం గడప దాటలేదు.

తమ్ముడూ, ఇది మీటింగ్ కాదా?

*

ఇప్పుడు అసలు పాఠం. ఇది మీకు కచ్చితంగా పనికొస్తుంది, ఓపిగ్గా చదవండి.

కెమెరాలో మీటర్ అని ఒకటుంటుంది. ఎదురుగా ఎంత వెలుగుందో అది కొలుస్తుంది. అయితే దానికి మనిషి తెలియదు, గోడ తెలియదు. తన ముందున్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అని అనుకుంటుంది. సుమారు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగును దీనికి కొలతగా చెబుతారు. తెల్లగోడ ముందు నల్లటి మనిషిని నిలబెడితే ఫ్రేములో ఎక్కువ భాగం గోడే కాబట్టి "అబ్బో, వెలుగెక్కువైంది" అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బూడిదరంగు అవుతుంది, మనిషి చీకటైపోతాడు. పైనున్న ట్యూబ్‌లైట్ వల్ల కళ్ళ గుంటల్లో నీడ పడుతుంది. మా నాన్న గేట్ పాస్ అదే.

తెల్లచర్మం మనిషి అదే గోడ ముందు నిలబడితే? కొంచెం మబ్బుగా వస్తాడు, అంతే. గుర్తుపట్టొచ్చు. యంత్రం చేసిన తప్పు ఒక్కటే, దాని ఖరీదు మాత్రం అందరూ ఒకేలా కట్టరు.

మన హాస్టల్ గ్రూప్ ఫోటోలు తీసి చూడండి. మధ్యలో కూర్చున్న అతిథుల ముఖాలు స్పష్టంగా ఉంటాయి. వెనక వరసలో చివర నిలబడ్డ మన పిల్లల పళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అది చూసి నవ్వుకునేవాళ్ళం, ఒకరినొకరం ఏడిపించుకునేవాళ్ళం. ఆ నవ్వు మన మీద మనం వేసుకున్న దెబ్బ అని అప్పుడు తెలియదు.

దీనికి మందు ఉంది, కష్టం కూడా కాదు. ఫోన్లో అయితే ముఖం మీద వేలు పెట్టి నొక్కండి. అది ఆ ముఖాన్నే కొలుస్తుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరిపి వెలుగు సరిచేయండి. కెమెరాలో అయితే స్పాట్ మీటరింగ్ పెట్టుకోండి. మళ్ళీ ఇక్కడో కిటుకు ఉంది. నల్లటి ముఖం ఒక్కదాన్నే కొలిస్తే మీటర్ దాన్నీ బూడిదరంగు చేయాలని చూస్తుంది, అప్పుడు ముఖం ఉన్నదానికంటే పాలిపోతుంది. కాబట్టి కొలిచాక కొంచెం తగ్గించాలి. ఎంత తగ్గించాలో మీ కన్ను చెప్పాలి. హిస్టోగ్రామ్ చూడటం నేర్చుకోండి. యంత్రం చెప్పిందే ఆఖరి మాట అనుకుంటే మనం ఎప్పుడూ చీకటిగానో సున్నం కొట్టినట్టుగానో మిగులుతాం.

*

ఇది ఒక్క మీటర్ సంగతి కాదు. కలర్ ఫోటో పుట్టుకలోనే ఈ లెక్క ఉంది.

అమెరికాలో కొడాక్ కంపెనీ 1950లలో ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి ఫోటో. కొడాక్‌లో పనిచేసిన షర్లీ అనే ఆమె పేరు మీద దాన్ని 'షర్లీ కార్డు' అన్నారు. ప్రింటులో షర్లీ చర్మం సరిగ్గా వచ్చిందంటే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. షర్లీలా లేనివాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. లోర్నా రోత్ అనే కెనడా పరిశోధకురాలు దీని మీద పనిచేసి ఒక విషయం బయటపెట్టింది. నల్లపిల్లల ముఖాలు స్కూలు ఫోటోల్లో సరిగ్గా రావడం లేదని తల్లులు మొత్తుకుంటే ఆ గోడు చాలాకాలం అరణ్యరోదనే అయింది. చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాన్ల కంపెనీలూ తమ సరుకులో గోధుమరంగు తేడాలు తెలియడం లేదని ఫిర్యాదు చేశాకే ఫిల్మ్ మెరుగైంది.

చాక్లెట్‌కు దొరికిన న్యాయం మనిషికి దొరకలేదన్నమాట. ఆ ఫిల్మూ, ఆ కాగితమూ మన ఊళ్ళ కలర్ ల్యాబుల దాకా వచ్చాయి.

ఇంకోటి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్ళు ఎక్కడికి కదలాలన్నా పాస్‌బుక్ చేతిలో ఉండాలన్న నిబంధన పెట్టింది. దాని మీద ఫోటో. ఆ ఫోటోలకు పోలరాయిడ్ కంపెనీ సరంజామా వాడేవారు. 1970లో ఆ కంపెనీలోనే పనిచేస్తున్న కెరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులకు సంగతి తెలిసింది. ఆమె కెమిస్ట్, అతను ఫోటోగ్రాఫర్. ఇద్దరూ తిరగబడ్డారు. విప్లవ కార్మికుల ఉద్యమం అని పేరు పెట్టుకుని బహిష్కరణకు పిలుపునిచ్చారు. ఉద్యోగం పోయింది, వాళ్ళు వదల్లేదు. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి బయటికి వచ్చింది. కెమెరా లోపల ఏముందో తెలిసిన ఇద్దరు కూలీలు కలిసి చేసిన పని ఇది. టెక్నిక్ నేర్చుకోవడం ఉద్యమానికి బయటి పనెలా అవుతుంది?

మన దగ్గరికి వద్దాం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మాలలు, మాదిగలు అందులో ఉన్నారు. ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు, ఫోటోలు వేశాడు. ఆ ఫోటోల్లో మనుషులు సరుకులా నిలబడి ఉంటారు. అదే కాలానికి కాస్త ముందు నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ నవాబుల్ని ఎంత అందంగా తీశాడో చూడండి. కుర్చీ, తెర, పక్కనుంచి మెత్తటి వెలుగు. వాళ్ళకు పేరుంది. మనకు కులం పేరే ఉంది. కెమెరా వచ్చిన తొలిరోజుల నుంచే ఎవరు పోర్ట్రెయిట్, ఎవరు నమూనా అన్నది తేలిపోయింది.

ఆ తర్వాత మనం ఫోటోల్లోకి ఎలా వచ్చాం? కారంచేడు, 1985 జులై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. శవాలుగా వచ్చాం. శవాల పక్కన ఏడుస్తున్న ఆడవాళ్ళుగా వచ్చాం. ఆ ఫోటోలు అవసరం, వాటిని తీసినవాళ్ళకు దండం పెడతాను. కానీ ఒక జాతి చచ్చినప్పుడే ఫోటోలో కనిపిస్తే, దాని బతుకును ఎవరు చూసినట్టు?

ఫోటో విలువ బాబాసాహెబ్‌కు తెలుసు. 1934లో బొంబాయిలో రాజగృహలో కుటుంబంతో దిగిన ఫోటో చూడండి. రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన, అన్న కొడుకు, ఆఖరికి పెంపుడు కుక్క కూడా ఉంది. ఇల్లు కట్టుకున్న మనిషి, ఇంటివాళ్ళతో కూర్చున్న మనిషి. అంటరానివాడి ఫోటో ఎలా ఉండాలని లోకం అనుకుంటుందో, ఇది దానికి సరిగ్గా ఎదురు. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఇదే ఆలోచించాడు. ఆయన ఫోటోలు 160 దాకా దొరికాయి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో అంతకంటే ఎక్కువ ఫోటోలు దిగిన మనిషి లేడంటారు. నల్లవాళ్ళను ఇకిలించే బొమ్మలుగా గీసే రోజుల్లో ఆయన దాదాపు ప్రతి ఫోటోలోనూ నవ్వకుండా, సూటిగా చూశాడు.

*

ఇప్పుడు స్టూడియో లైటింగ్. లక్షల సామాను కావాలనుకుని భయపడకండి.

స్టూడియోలో మూడు లైట్ల పద్ధతి నేర్పుతారు. ఒకటి ముఖం మీద ప్రధానమైన వెలుగు. రెండోది ఇంకోవైపు నీడను కాస్త తగ్గించేది. మూడోది వెనకనుంచి జుట్టు మీద, భుజాల మీద పడి మనిషిని నేపథ్యం నుంచి విడదీసేది. నల్లటి మనిషికి ఈ మూడోది ప్రాణం. నల్లటి జుట్టు నల్లటి తెరలో కలిసిపోకుండా కాపాడేది అదే.

మా ఓనరు మొదట్లో చెప్పేవాడు, "నలుపు వెలుగును తాగేస్తాది, అందుకే ముఖం మీద ఎక్కువ కొట్టు" అని. నేను మా అమ్మ మీద, మా పిన్ని పిల్లల మీద ప్రయోగాలు చేశాక తెలిసింది, ఆ మాట సగమే నిజం. నల్లటి చర్మం అద్దంలా వెలుగును మెరిపిస్తుంది కూడా. ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి చుక్కలు పడతాయి, మిగతాది చదునైపోతుంది. అదే పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను దగ్గరగా, పక్కకు పెడితే ఆ మెరుపు చెంప ఎముక మీదుగా, దవడ మీదుగా మెల్లగా పారుతుంది. అప్పుడు తెలుస్తుంది మన ముఖాల్లో ఎంత శిల్పం ఉందో. వెలుగు ఎంత ఎక్కువ అన్నది కాదు, ఎంత పెద్దది, ఎటునుంచి అన్నదే లెక్క.

దూరం లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. లైటును రెండింతలు దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే గ్రూప్ ఫోటోలో లైటుకు దగ్గరున్నవాడు వెలిగిపోతాడు, దూరంగా ఉన్నవాడు మునిగిపోతాడు. లైటును కాస్త వెనక్కి, ఎత్తుకు తీసుకెళ్తే వరసలో అందరికీ దాదాపు సమానంగా అందుతుంది. సమానత్వం కావాలంటే లైటు ఎవరి ఒళ్ళోనూ కూర్చోకూడదు. ఇది నేను ఊరికే అన్నమాట కాదు, ఫిజిక్స్.

ఇంట్లో చేయాలంటే కిటికీ చాలు. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టండి, రెండోవైపు థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఎండ నేరుగా పడుతుంటే తెల్ల పంచె కట్టి మెత్తబరచండి. వెనక తెల్లగోడ వద్దు. నీలం దుప్పటో, మట్టిరంగు గోడో, ఆకుపచ్చ చెట్టో ఉండనివ్వండి.

*

ఇక ఎడిటింగ్. పాపం జరిగేది ఇక్కడే, చాలా తేలిగ్గా జరుగుతుంది.

లైట్‌రూమ్‌లో రంగుకొక స్లైడర్ ఉంటుంది. మన దేశపు చర్మమంతా దాదాపు నారింజరంగు కిందికే వస్తుంది. నారింజ వెలుగు స్లైడర్‌ను కుడివైపు జరిపితే చాలు, మనిషి తెల్లబడతాడు. చీర, చెట్టు, ఆకాశం అలాగే ఉంటాయి. ఒక్క వేలితో ఒక్క క్షణం పని. పెళ్ళి ఆల్బమ్ అంటే వందల ఫోటోలు. ఒకదానికి చేసి మిగతా అన్నిటికీ ఒకేసారి అతికిస్తారు. తల్లి, తండ్రి, తాత, పనిమనిషి, అందరూ ఒకే తెలుపు. 1975లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. స్లైడర్‌కు ఆ సిగ్గు కూడా లేదు.

నేనూ చేశాను. దాచను. మొదటి ఆరు నెలలు నా పనే అది.

ఒకరోజు యారాడకు ఒక జంట వచ్చింది. మనవాళ్ళే. అబ్బాయి పోర్టులో పనిచేస్తాడు, అమ్మాయి నర్సింగ్ చదివింది. అమ్మాయి మంచి నలుపు, పెద్ద కళ్ళు. షూట్ అయ్యాక నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "అన్నా, ఎడిటింగ్‌లో కొంచెం తెల్లగా చేస్తావు కదా" అంది. నేను లెక్చరు ఇవ్వలేదు. ఆమె ఏ ఇంటికి పోతోందో, అక్కడ ఆమె రంగు గురించి ఎవరేమన్నారో నాకేం తెలుసు?

ఆ రాత్రి రెండు రకాలుగా చేశాను. ఒకటి ఓనరు పద్ధతిలో. రెండోదాంట్లో రంగు ముట్టుకోలేదు. నీడల్లో వివరం పైకి తెచ్చాను, చెంప మీది మెరుపును నిలబెట్టాను, వెనకున్న ఆకాశాన్ని తగ్గించాను. మర్నాడు ఇద్దరూ స్టూడియోకి వచ్చారు. ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంది: "ఇది నేను. ఇది మా అత్త కోడలు."

ఆల్బమ్‌కి అత్త కోడలి ఫోటోలే వెళ్ళాయి. తన ఫోటో మాత్రం ఫోన్ స్క్రీన్ మీద పెట్టుకుంది. ఇది గెలుపా ఓటమా అని నన్ను అడగొద్దు. కానీ ఆమెకు ఆ రెండో ఫోటో ఉందని తెలియడమే ఒక సంగతి. అంతవరకు ఆమెకు దాన్ని ఎవరూ చూపించలేదు.

ఆ తర్వాత నేను ఓనరుతో చెప్పాను, అడిగినవాళ్ళకు తప్ప చర్మం రంగు మార్చనని. ఆయన రెండురోజులు మాట్లాడలేదు. తర్వాత "సరే, అడిగితే చెయ్యి" అన్నాడు. అది కూడా చిన్న మార్పు కాదు. ఇంతకుముందు అడక్కుండానే చేసేవాళ్ళం. తెలుపును వద్దనాలంటే మనిషి నోరు తెరవాల్సి వచ్చేది. ఇప్పుడు కావాలంటే తెరవాలి. పెద్ద కంపెనీలకు కూడా ఈ బుద్ధి ఇప్పుడిప్పుడే వస్తోంది. గూగుల్ 2021లో నల్లటి చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపించే పద్ధతిని తన ఫోన్లలో పెట్టింది. 2022లో ఎలిస్ మాంక్ అనే నల్లజాతి ఆచార్యుడు రూపొందించిన పది చాయల కొలమానాన్ని తెచ్చింది. అడగ్గా అడగ్గా వచ్చినవే ఇవన్నీ.

*

"ఇదంతా అందం గొడవ అన్నా, మనకు భూమి కావాలి, ఉద్యోగం కావాలి" అంటారు కొందరు మిత్రులు. కావాలి. నేను మొదటిసారి బుద్ధిగా ఫోటోలు తీసింది కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం దగ్గరే. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీని 2021లో అమ్మకానికి పెడితే, దానితోపాటు మన రిజర్వేషనూ పోతుందని తెలిసే అక్కడికి వెళ్ళాను. కానీ ఒకటి అడుగుతాను. 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేయబడి అంబేడ్కర్ చిత్రపటం చేతబట్టి నడుస్తున్న రోహిత్ వేముల ఫోటో లేకపోతే, ఆ వెలివేత దేశానికి అంతగా కనిపించేదా? ఆ ఫోటోలో రోహిత్ శవం కాదు. నడుస్తున్నాడు. మోస్తున్నాడు.

బొంబాయి పారిశుద్ధ్య కార్మికులను ఏళ్ళ తరబడి తీసిన సుధారక్ ఓల్వే, తమిళనాడులో మురుగు కాల్వల్లో చస్తున్నవాళ్ళ వెంట కెమెరా పట్టుకు తిరిగిన పళని కుమార్, వాడిపట్టిలో తన ఇంటినీ తన వాళ్ళనూ తీస్తున్న జైసింగ్ నాగేశ్వరన్. వీళ్ళ పనిని వెతికి చూడండి. తెలుగులో అలాంటి పేర్లు పది చెప్పుకునే రోజు రావాలి. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది. పది ఇంజినీరింగ్ సీట్ల గురించి ఆలోచించే ఇంట్లో ఒక్కరైనా దాని గురించి ఆలోచించండి.

కార్యకర్తలకు నాలుగు పని మాటలు చెప్పి ముగిస్తాను. దాడి జరిగినచోట ఫోటో తీస్తే అసలు ఫైలును ముట్టుకోవద్దు. ఎడిట్ చేయాలంటే కాపీ మీద చేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు తీశామన్న వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, తీసిన ఫోన్‌ను భద్రపరచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. అట్రాసిటీ కేసు ఆ కాగితం దగ్గర జారిపోకూడదు. అత్యాచార బాధితుల ముఖం, పేరు, ఇల్లు తెలిసేలా ఏదీ పెట్టొద్దు. చట్టం ఒప్పుకోదు, మన నీతి అంతకంటే ముందే ఒప్పుకోకూడదు. ఏడుస్తున్న మనిషి ముఖం మీదికి లెన్స్ పెట్టేముందు పక్కన కూర్చోండి, అడగండి.

అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో బతికున్న పెద్దవాళ్ళను ఒక్కసారి కిటికీ పక్కన కూర్చోబెట్టండి. రేపు ఫ్లెక్స్ కోసం గేట్ పాస్ వెతుక్కునే గతి మీ పిల్లలకు రాకూడదు.

మొన్న నేను అమ్మను గుమ్మం దగ్గర పీట వేసి కూర్చోబెట్టాను. వెలుగు పక్కనుంచి పడుతోంది. ముఖం మీద వేలు పెట్టి కొలిచాను, కొంచెం తగ్గించాను. ఏమీ తుడవలేదు. చూపిస్తే ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసింది.

"నల్లగా ఉన్నాను" అంది.

ఒక్క క్షణం నా గుండె జారింది.

"నానే" అంది తర్వాత. "అచ్చం నానే. మీ నాన్నకి కూడా ఇలాటిదొకటి తియ్యాల్సిందిరా."

తీయలేకపోయాను. అందుకే ఆదివారాలు లైట్ పట్టుకుంటున్నాను తమ్ముడూ.

జై భీమ్.